పక్కా అర్రలో కారు, రేకుల కింద రాజవ్వ

కామారెడ్డిలో పాత బండ్లు అమ్మిపెట్టడం, కొనిపించడం నా వృత్తి. గౌరవించేవాళ్లు ఏజెంటు అన్నారు, కోపమొచ్చినవాళ్లు దలాలి అన్నారు, మా ఆవిడ మాత్రం మొదటినుంచీ ఒకే మాటమీద నిలబడి 'ఊరు తిరుగుడు' అంది. గతుకుల రోడ్లమీద ఇతరుల బండ్లు నడిపి నడిపి నడుము అరిగిపోవడంతో యాభై దాటగానే నన్ను నేనే రిటైర్ చేసుకున్నాను. సన్మానం కూడా నేనే చేసుకుందామనుకున్నాను గానీ శాలువా ధర అడిగి మానుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. వాళ్లకోసం ఇది. పదోన్నతుల గురించి ఇందులో ఉండదు. మా పనిలో ఉన్నవి రెండే హోదాలు. బండి అమ్ముడైన రోజు 'అన్న', అమ్మిన బండి దారిలో ఆగిన రోజు 'వాడు'. కాగితాల గురించి కూడా రాయను. అవి సరిగ్గా ఉంటే చెప్పడానికేమీ లేదు, సరిగ్గా లేకపోతే చెప్పకూడదు.

నేను ఉన్నదానికంటే పెంచి చెబుతానని ఒక అపవాదు ఉంది. అబద్ధం. ఉన్నదాన్నే కాస్త కడిగి, పాలిష్ పట్టి చూపిస్తాను.

రుమాలు కింద వేళ్లు

నాకు పని నేర్పింది ఇబ్రహీం సేట్. స్టేషన్ రోడ్డు పక్కన ఆయన బండ్ల అడ్డా ఉండేది. మనిషి ఎంత భారీ అంటే, జీపు ముందు సీట్లో ఆయన కూర్చుంటే వెనక చక్రాలు నేలమీద ఉండాలా వద్దా అని ఆలోచనలో పడేవి. నేను చేరిన రోజే ఒక ట్రాక్టరు బానెట్ ఎత్తి తల లోపల పెట్టాను. సేట్ నా కాలరు పట్టుకుని బయటికి లాగాడు.

"అరె బేటా, బండి యాడికి పోతది? ముందుగాల అమ్మేటోణ్ని చూడు. ఆని మొకంల పొగ వస్తున్నదా లేదా చూడు" అన్నాడు.

ఆయన అంతకుముందు పశువుల అంగట్లో బేరాలు కుదిర్చేవాడు. అక్కడి పద్ధతినే బండ్లకీ తెచ్చాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడితే మధ్యలో దలాలి చేతులమీద రుమాలు కప్పుతాడు. దాని కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది నిలబడినా ఎవరికీ ఏమీ తెలియదు. పిట్లంలో ఒకసారి ట్రాక్టరు బేరానికి ఊరు ఊరంతా వచ్చింది. పనిలేనివాళ్లు ముందు, పనున్నవాళ్లు చెట్లెక్కి. రుమాలు కింద నేను రైతు వేళ్లు నొక్కుతున్నాను, ఆయన నావి నొక్కుతున్నాడు. బేరం కుదిరాక చూసుకుంటే నా చూపుడువేలు వాచి అరటికాయంత అయింది. ధర మాత్రం ఇప్పటికీ పిట్లంలో ఎవరికీ తెలియదు.

ధర నలుగురి నోళ్లలో పడితే బేరం చచ్చిపోతుందని సేట్ నమ్మకం. నాదీ అదే. నా ఆఖరి బేరం దాకా దీనికి తిరుగులేదనుకున్నాను.

రంగు మీద నాకున్న భక్తి

సేట్ దగ్గర నేర్చుకున్నది రుమాలు. నా అంతట నేను కనిపెట్టింది రంగు. పాత బండిని ఉన్నదున్నట్టు అమ్మడమంటే తలదువ్వకుండా పెళ్లిచూపులకు కూర్చోబెట్టడమే అని నా సిద్ధాంతం. సొట్టలు పూడ్చి, కొత్త రంగు కొట్టించి, సీట్లకు ఎర్ర కవర్లు తొడిగించి, అద్దం దగ్గర ప్లాస్టిక్ పూలదండ వేయిస్తే బండికి పదేళ్లు తగ్గుతాయి.

తాడ్వాయిలో ఒక పెళ్లికొడుక్కి ఆకుపచ్చ జీపు అమ్మాను. పెళ్లి తొందర, రంగుకు మాత్రం ఆరడానికి అంత తొందర లేదు. తెల్లబట్టలతో ఎక్కిన వరుడు దిగేసరికి వీపుమీద అడ్డంగా పచ్చటి చార. ఆడపెళ్లివారు అది వాళ్ల ఇంటి ఆచారమేమో అనుకుని తమవైపు పెద్దమనుషులకు కూడా వేయాలా అని అడిగారట. ఆ తర్వాత నెలరోజులు నేను తాడ్వాయి మీదుగా పోవాల్సివస్తే చుట్టూ తిరిగి పోయేవాణ్ని. అయినా రంగు మానలేదు. రంగు ఆరేదాకా ఆగాలని మాత్రం తెలుసుకున్నాను.

ఎల్లారెడ్డి నుంచి ఫోన్

ఒక మాఘమాసం ఉదయం ఎల్లారెడ్డి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పేరు రాజవ్వ. ఇంట్లో కారుంది, అమ్మిపెట్టాలంది. ఏం కారని అడిగితే అది చెప్పడం తనవల్ల కాదనీ, దాని పాపమేంటో వచ్చి నా కళ్లతోనే చూసుకోమనీ అంది.

వెళ్లాను. ఊరి చివర పొలం గట్టు పక్కన ఇల్లు. ఒకవైపు సిమెంటు రేకుల వరస, అక్కడక్కడ పగుళ్లు, పగుళ్లకు తారు పూత. దాని పక్కనే స్లాబు వేసిన పక్కా అర్ర. నేలకు నున్నటి బండలు, గోడకు సున్నం, పైన ఫ్యాను తిరుగుతోంది. ఎవరో పెద్దమనిషి పడుకుని ఉంటాడని చెప్పులు విడిచి లోపలికి తొంగిచూశాను. ఫ్యాను కింద కారు ఉంది.

వెండిరంగు. తాబేలు పరుగెత్తాలని నిర్ణయించుకుంటే ఎలా వంగుతుందో అలా వంగి ఉంది. రెండే తలుపులు. జర్మనీవాళ్ల కారు. పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా పలకరాదు కాబట్టి రాయను.

యజమాని గంగారెడ్డి, అరవై దాటిన రైతు. ఒకప్పుడు హైదరాబాదులో ఒక ముసలి డాక్టరుగారికి డ్రైవరు. ఆ డాక్టరు చదువుకునే రోజుల్లో జర్మనీలో కొని ఓడలో తెప్పించుకున్న కారు ఇది. కళ్లు మసకబారి, చేతులు వణికి, ఇక నడపలేనని తెలిశాక ఎంతమంది అడిగినా అమ్మక గంగారెడ్డి పేరున రాసిచ్చాడు. గంగారెడ్డి దాన్ని ఎల్లారెడ్డి తోలుకొచ్చి, పంట పైసలతో ముందుగా దానికి స్లాబు వేయించాడు. మరుసటి పంటకు ఇంటికి వేయిద్దామన్నాడు. ఆ మరుసటి పంట ఇరవై ఏళ్లుగా రాలేదు.

నేను నా అనుభవాన్నంతా ముఖంమీదికి తెచ్చుకుని ముందు మూత ఎత్తాను. లోపల ఇంజన్ లేదు, ఒక గోనెసంచి ఉంది. ఇంజన్ వెనక ఉంటుందని గంగారెడ్డి చెప్పాడు. వెనక మూత ఎత్తాను. ఇంజన్ ఉంది, దానిమీద పెద్ద పంకా ఉంది, రేడియేటరు లేదు. కారు కింద దూరి చూశాను, సీట్ల వెనక చూశాను. మర్యాద కొద్దీ దొంగలు పడ్డారా అని అడగలేదు గానీ, నీళ్లెక్కడ పోస్తారని అడిగాను.

"దీనికి నీళ్లు తాగే అలవాటు లేదు తమ్మీ. గాలితోటే చల్లవడ్తది" అన్నాడు గంగారెడ్డి.

"నీళ్లు తాగదు. నా నెత్తురు తాగుతది" అంది వెనకనుంచి రాజవ్వ.

ఆమెకు కావలసింది డబ్బు కాదు, అర్ర. వానకాలం వచ్చిందంటే రేకుల కింద ఎక్కడెక్కడ కురుస్తుందో ఆమెకు చిన్నపిల్లల పేర్లలా తెలుసు. చినుకు పడగానే లేచి, గిన్నెలూ తట్టలూ బకెట్లూ సర్ది, నిండినవి పారబోసి, మళ్లీ సర్ది, వాన ఆగేదాకా నడుం వాల్చదు. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి. వచ్చే వానలకు తను పక్కా అర్రలో పడుకోవాలి, లేదంటే పుట్టింటికి పోతానంది. ఆ వయసులో పుట్టింట్లో ఎవరున్నారని గంగారెడ్డి అడిగితే, ఎవరూ లేరు గానీ స్లాబుందని జవాబిచ్చింది. గంగారెడ్డి తలవంచుకుని, వానలకు ముందే అమ్మేద్దామన్నాడు. ఆ మాట అనేటప్పుడు చేయి కారు మీదే ఉంది.

కొనేవాడు దొరకని సరుకు

కామారెడ్డిలో నాకు తెలియని కొనుగోలుదారు లేడు. అందరికీ చెప్పాను. అందరూ ఒకే ప్రశ్న వేశారు. ఇద్దరే కూర్చునే కారైతే ఇంటోళ్లు ఎట్ల రావాలె? మా దగ్గర కారంటే పదిమంది ఎక్కాక పదకొండోవాడికి జరగమనేది. జుక్కల్ దాకా పోయి ఒక పెద్ద పత్తి వ్యాపారికి ఫొటో చూపించాను. ఆయన మరాఠీలో నవ్వాడు, ఆయన తమ్ముడు కన్నడంలో నవ్వాడు, నేను తెలుగులో తిరిగొచ్చాను. పాత ఇనుము కొనేవాడు మాత్రం తూకానికి తీసుకుంటానన్నాడు. ఆ మాట గంగారెడ్డికి చెప్పి ఉంటే, మీరిప్పుడు ఇది చదివేవారు కాదు.

చివరికి ఆన్‌లైన్ వేలం గురించి తెలిసింది. పాత కార్లకోసమే నడిపే సంస్థ ఒకటుంది. ఫొటోలు, వీడియోలు పెడితే దేశంలో ఉన్న పిచ్చివాళ్లంతా ఇంట్లో కూర్చునే పాట పాడతారు. ప్రశ్నలు అడుగుతారు, జవాబులు రాయాలి. ఎవరు ఎంత పాడారో అందరికీ కనిపిస్తుంది. అంటే రుమాలు తీసి గాల్లో ఎగరేసినట్టే. నాకు మనసు ఒప్పలేదు. కానీ చైత్రం వచ్చేసింది.

ఆ సంస్థ తరఫున ఒక మేడమ్ ఫోన్లో మాట్లాడేది. తియ్యటి గొంతు, ఉక్కు మనసు. రంగు కొట్టించి ఫొటోలు పంపుతానని చెప్పాను. ఆమె, ఒక్క చుక్క రంగు పడినా కారు విలువ సగానికి పడిపోతుందనీ, సొట్టలుంటే దాచొద్దు, దగ్గరనుంచి తీసి పంపమనీ చెప్పింది. సొట్టలకు ఫొటోలు! ముప్పై ఏళ్ల నా విద్యను ఆమె ఒక్క ఫోన్లో తీసుకెళ్లి చెత్తకుండీలో వేసింది. అప్పటికే ఎర్ర సీటు కవర్లు కొనేశాను. అవి ఇప్పుడు మా ఇంట్లో దిండ్లకున్నాయి.

చల్లటి ఇంజన్ని మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు వీడియో తీయాలంది. ఉదయాన్నే వెళ్లాను. గంగారెడ్డి తాళం తిప్పాడు. ఆ చప్పుడు మామూలుది కాదు. వెయ్యిమంది కంచరివాళ్లు ఒకేసారి బిందెలు కొడుతూ, మధ్యలో పులిని రెచ్చగొడితే వచ్చేది. కోళ్లు గట్టుదాటి పక్కవాళ్ల పొలంలోకి పోయి అక్కడే కాపురం పెట్టాయి. నేను ఫోన్ కదలకుండా పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే రాజవ్వ వెనక నిలబడి అందుకుంది.

"తియ్యి, మంచిగ తియ్యి. నా పెండ్లిల సుత ఇన్ని ఫోటోలు తియ్యలే. ఇరవై ఏండ్లసంది దీనికి పక్కా అర్ర, నాకు రేకులు. దీని మీద చుక్క వడనియ్యడు, నా మీద వడితే గిన్నె పెట్టుకొమ్మంటడు. ఎండకాలం దీనికి ఫ్యాను, నాకు ఇసనకర్ర. ఎలుకలు తీగలు కొరుకుతయని పిల్లిని తెచ్చిండు. గా పిల్లికి పాలు పోసేది నేను."

పంపేటప్పుడు ఆ మాటలు వస్తున్నాయని నేను గమనించలేదు. గమనించేసరికి వీడియో దేశమంతా పోయింది. మేడమ్‌కు ఫోన్ చేసి, ఇంటిగుట్టు అది, తీసేయమని బతిమాలాను. కుదరదంది.

వీడియో కింద ఎవరో ఆ పెద్దావిడ ఏమంటోందని అడిగారు. వరంగల్ నుంచి ఎక్కడికో వెళ్లి స్థిరపడ్డ మనవాడు ఒకడు మాటకు మాట అనువదించి పెట్టాడు. తిట్లకు కూడా సమానార్థకాలు వెతికాడు, మహానుభావుడు. కారును ఎలా ఉంచారన్న ప్రశ్నలన్నీ ఇక ఆగిపోయాయి. వానలో తడవలేదు, ఎండలో నిలబడలేదు, ఎలుక ముట్టలేదు. ఏ మెకానిక్కూ ఇవ్వలేని హామీని ఆమె ఒక్క ఊపులో ఇచ్చేసింది. ఆ సాయంత్రమే పాట పైకి లేచింది.

ఆ తర్వాత నా జవాబులు ఎవరికీ అక్కర్లేదు. ఏదడిగినా 'అమ్మనే అడగండి' అని రాయడం మొదలుపెట్టారు. కారు ఎప్పుడైనా దేనికైనా తగిలిందా అని ఒకరు అడిగారు. ఫోన్ ఆమె ముందు పెట్టాను.

"ఒక్కపారి గేటుకు గీకిండు. గా దినం అన్నం ముట్టలే. నా కాలు ఇరిగిననాడు మాత్రం రెండు పూటలు తిన్నడు."

"గా గీత సంగతి ఎందుకు చెప్పినవే?" అన్నాడు గంగారెడ్డి చిన్నబోయి.

గీత ఫొటో కూడా పెట్టాం. పాట మళ్లీ పెరిగింది. నేను మూలకు పోయి కూర్చున్నాను.

పాట ముగిసిన మధ్యాహ్నం

వేలం ముగిసే మధ్యాహ్నం గంగారెడ్డి ఇంట్లో ఉండలేక మోటరు వేయాలని పొలానికి పోయాడు. కరెంటు లేదని తెలిసే పోయాడు. నేనూ రాజవ్వా ఫోన్ ముందు కూర్చున్నాం. ఆ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఆఖరి క్షణాల్లో ఎవరైనా పాట పెంచితే గడియారం మళ్లీ కొంచెం వెనక్కి పోతుంది. అయిపోయింది అనుకోగానే అవదు. ఇద్దరు పంతం పట్టారు. ఒకరు పాడటం, గడియారం వెనక్కి, ఇంకొకరు పాడటం, గడియారం వెనక్కి. నా గుండె కూడా దాంతోపాటే వెనక్కి పోయి, కాసేపు నేను పుట్టకముందు కూడా కొట్టుకుందని నా అనుమానం.

చివరికి ఆగింది. ధర చెప్పను. చెబితే మీరు నమ్మరు, ఆదాయపు పన్నువాళ్లు నమ్ముతారు. రాజవ్వ మాత్రం ధర వినలేదు, ఎప్పుడు తీసుకుపోతారని అడిగింది.

తలుగు

కొన్నాయన బెంగళూరులో స్థిరపడ్డ మూర్తిగారు. అసలు ఊరు విజయవాడ వైపు. అన్నివైపులా మూసి ఉన్న పెద్ద లారీతో జ్యేష్ఠంలో దిగారు. ఆకాశం అప్పటికే నల్లబడుతోంది. ఆయన ముందు రాజవ్వకు దండం పెట్టి, అమ్మ మాటలు విన్నాకే ధైర్యంగా పాడానని చెప్పారు. తర్వాత కారు చుట్టూ తిరిగి, గేటు గీతను చూసి, చాలాకాలానికి కలిసిన బంధువును చూసినట్టు నవ్వారు. అన్నీ అయ్యాయి. తాళం కోసం చేయి చాపారు.

"బండి తీస్కపోండి సారూ. చాబి మాత్రం ఇయ్య. గది దాని తలుగు, గూటానికే ఉండాలె" అన్నాడు గంగారెడ్డి.

మా వైపు బర్రెను అమ్మినా, ఎద్దును అమ్మినా దాని మెడలో తలుగు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తను తెచ్చుకోవాలి. తలుగు ఇంటి గూటానికే ఉండిపోవాలి, లేకపోతే ఆ ఇంటికి పాడి ఉండదని నమ్మకం. ఇన్నేళ్లలో నేను వందల బండ్లు అమ్మాను, ఒక్కడు కూడా ఈ మాట తేలేదు. గంగారెడ్డికి మాత్రం అది బండి కాదని నేను ముందే గ్రహించి ఉండాల్సింది.

మూర్తిగారు మంచివారే గానీ ఆయనా మనిషే. "ఏవండీ, కారుతోపాటు పుట్టిన తాళం అది. ఫొటోలో చూపించారు కదండీ. అది లేకపోతే నేను ఖాళీ లారీతో వెళ్లిపోతాను" అన్నారు.

నేను నా విద్యంతా తీశాను. నకలు చేయిద్దామన్నాను. తలుగుకు నకలుంటుందా అని గంగారెడ్డి అడిగాడు. తాళానికి పూజచేసి ఇద్దామన్నాను. పూజ చేశాక అసలివ్వకూడదన్నాడు. మూర్తిగారిని పక్కకు పిలిచి అలవాటుకొద్దీ చేతులమీద రుమాలు కప్పాను. ఆయన చలి పెడుతోందా అని అడిగారు. లారీ డ్రైవరు ఇంజన్ స్టార్టు చేశాడు.

రాజవ్వ చుట్టిన బొంత చంకలో పెట్టుకుని అర్ర గడప దగ్గర నిలబడి ఉంది. అప్పుడు నోరు విప్పింది.

"ఏమయ్యా, తలుగంటే ఏంది?"

"గొడ్డును కట్టేసేది."

"గీ చాబి దాన్ని కట్టేస్తదా, ఉరికిస్తదా?"

గంగారెడ్డి ఆలోచించాడు. "ఉరికిస్తది."

"మరి ఇరవై ఏండ్లు దీన్ని కట్టేసింది ఏంది?" అని, తలుపుకు వేలాడుతున్న ఇత్తడి తాళంకప్ప ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. "గిదీ తలుగు. గిది యాడికి పోదు."

ఆయన తాళంకప్పను అరచేతిలో బరువు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కారు తాళం మూర్తిగారి చేతిలో పెట్టాడు. పెట్టి, వెంటనే వదల్లేదు.

"సారూ, నూనె చూసేటప్పుడు ఇంజన్ బంద్ చెయ్యొద్దు. వేడి మీద, నడుస్తుండంగనే చూడాలె. అందరు బంద్ చేసి చూస్తరు, నూనె తక్కువున్నదని పోస్తరు. గట్ల చెయ్యకుండ్రి" అన్నాడు. అప్పుడు వదిలాడు.

లారీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. ఆయన ఇటు తిరిగేసరికి రాజవ్వ ఆ తాళంకప్ప ఆయన చేతిలోంచి తీసుకుంది. తలుగు గూటానికి ఉండాలన్నావు కదా, గూటం ఈ అర్ర, అర్ర నాది అంది.

ఇక నేర్పడానికి ఏముంది

పిల్లలూ, ఇందులోంచి మీరేం నేర్చుకోవాలో నాకు తెలియదు. రంగు వద్దు, రుమాలు వద్దు అనేస్తే నా ముప్పై ఏళ్లకు నేనే తుక్కు ధర కట్టినట్టవుతుంది. ఒక్కటి మాత్రం చెప్పగలను. బండి గురించి బండి యజమానిని అడక్కండి, అమ్మేదాకా ఆయనకు ప్రేమ, అమ్మాక దుఃఖం. ఆ ఇంట్లో దాంతో పడలేనివాళ్లు ఒకరుంటారు. వాళ్లను అడగండి.

కొత్త ఇల్లు వానలయ్యాక మొదలుపెట్టాలని మేస్త్రీ చెప్పాడు. అంతవరకు వంటా, వడ్లబస్తాలూ రేకుల కిందే. మొదటి పెద్దవాన పడ్డ మధ్యాహ్నం గంగారెడ్డి నాకు ఫోన్ చేశాడు. రేకులమీద వాన మోతలో ఆయన గొంతు గుసగుసలాగా ఉంది.

"తమ్మీ, రాజవ్వ అర్రల పండుకున్నది. వాన మొదలై గంటయితున్నది, లేస్తలేదు. వాన పడంగ ఆమె నిద్రవోవుడు నేనెన్నడు చూడలే."

మంచిదే కదా పటేలా అన్నాను.

"మంచిదే. గనీ ఈడ వడ్లు తడుస్తున్నయ్. ఏ గిన్నె యాడ పెట్టాల్నో ఆమెకే ఎరుక. లేపాల్నా?"

వద్దన్నాను. వెతుక్కోమన్నాను.

ఫోన్ పెట్టేయకుండానే పక్కన పెట్టినట్టున్నాడు. మొదట చినుకులు నేలమీద పడుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి ఒక గిన్నెలో పడుతున్న చప్పుడు. తర్వాత ఇంకో గిన్నెలో.